విమాన ప్రయాణంలో చేతి సామాను నిబంధనలు

విమాన ప్రయాణికుడు తనతోపాటు విమానం లోపలికి తీసుకొనిపోయే సంచులు, వస్తువుల విషయంలో ప్రభుత్వాలు, విమానయాన సంస్థలు విధించిన నియమాలను చేతి సామాను నిబంధనలు అంటారు. ఏ వస్తువును వెంట ఉంచుకోవచ్చు, దేనిని పెద్ద పెట్టెలో వేసి విమాన సంస్థకు అప్పగించాలి, దేనిని అసలు విమానంలోనికే తీసుకొనిపోరాదు అనే మూడు అంశాలను ఈ నియమాలు నిర్ణయిస్తాయి. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడుల తరువాత, 2006 ఆగష్టులో లండన్‌లో బయటపడిన కుట్ర తరువాత ఇవి చాలా కఠినమైనాయి.

మొదటిసారి విమానం ఎక్కేవారికి ఈ నియమాలు ఒక పొంతన లేని జాబితాలాగా కనిపిస్తాయి. నిజానికి వీటిలో చాలావాటి వెనుక ఒక దుర్ఘటనో, భగ్నమైన ఒక కుట్రో, అగ్ని ప్రమాద భయమో ఉన్నది. ఆ కారణం తెలిసినవారు జాబితాలో లేని వస్తువును గురించి కూడా చాలావరకు సరిగా ఊహించుకోగలరు.

సామాను రకాలు

విమాన ప్రయాణంలో సామాను రెండు రకాలు.

* చేతి సామాను: దీనినే క్యాబిన్ బ్యాగేజి అని కూడా అంటారు. ఇది ప్రయాణికుని వద్దనే ఉంటుంది. సీటు క్రింద గాని, తల పైనున్న అరలో గాని పెట్టుకోవాలి. భారతదేశంలో సాధారణ తరగతి ప్రయాణికులకు చాలా విమాన సంస్థలు 7 కిలోల వరకు అనుమతిస్తున్నాయి.
* చెక్-ఇన్ సామాను: విమానాశ్రయంలోని కౌంటరు వద్ద అప్పగించే పెట్టెలు. ఇవి విమానపు క్రింది భాగంలోని గదిలో ప్రయాణిస్తాయి. గమ్యం చేరేవరకు ప్రయాణికునికి అందుబాటులో ఉండవు.

ఈ తేడాయే నిబంధనలన్నిటికీ మూలం. కత్తి పెద్ద పెట్టెలో ఉంటే దానివలన ఎవరికీ ప్రమాదం లేదు, చేతిలో ఉంటే ఉన్నది. బ్యాటరీ విషయంలో ఇది తలక్రిందులవుతుంది. చేతిలో ఉన్న బ్యాటరీకి నిప్పంటుకుంటే వెంటనే ఆర్పవచ్చును, క్రింది గదిలో అంటుకుంటే అక్కడికి చేరేవారు లేరు.

చరిత్ర

తొలి దశ

1960వ దశకం చివరి వరకు ప్రపంచంలో చాలాచోట్ల బస్సు ఎక్కినట్లే విమానం ఎక్కేవారు. విమానాల హైజాకింగులు పెరగడంతో అమెరికాలో 1973 జనవరి 5 నుండి ప్రయాణికులందరినీ, వారి చేతి సామానునూ తనిఖీ చేయడం తప్పనిసరి చేశారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1974 మార్చిలో విమానయాన భద్రతకు సంబంధించిన 17వ అనుబంధాన్ని ఆమోదించింది. సభ్యదేశాల భద్రతా నియమాలకు ఇది ఆధారం.

భారతదేశంలో

1971 జనవరి 30న శ్రీనగర్ నుండి జమ్ము వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి "గంగ" అనే విమానాన్ని ఇద్దరు యువకులు లాహోరుకు మళ్ళించారు. వారి వద్ద ఉన్నవి బొమ్మ పిస్తోలు, ఉత్తుత్తి గ్రెనేడు మాత్రమేనని తరువాత తేలింది. పిల్లల బొమ్మ తుపాకిని కూడా తనిఖీ సిబ్బంది ఎందుకు ఆపుతారో ఈ సంఘటన చెబుతుంది. ఆకాశంలో ఉన్నప్పుడు అది బొమ్మా కాదా అని పరీక్షించే అవకాశం ఎవరికీ ఉండదు.

1976 సెప్టెంబరులో మరొక ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం లాహోరుకు హైజాక్ అయిన తరువాత పాండే కమిటీ సిఫారసుల మేరకు 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా "కనిష్క" విమానం అట్లాంటిక్ సముద్రంపై పేలిపోయి 329 మంది మరణించారు. బాంబు ఉన్న పెట్టెను కెనడాలో అప్పగించిన వ్యక్తి విమానం ఎక్కనే లేదు. ఆ దుర్ఘటన దరిమిలా 1987 ఏప్రిల్ 1న ఈ విభాగాన్ని పౌర విమానయాన భద్రతా బ్యూరోగా, స్వతంత్ర శాఖగా పునర్వ్యవస్థీకరించారు. నేటికీ దేశంలో ఏ వస్తువును అనుమతించాలి, దేనిని నిషేధించాలి అని నిర్ణయించేది ఈ బ్యూరోయే.

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి ఢిల్లీ వస్తున్న ఐసీ-814 విమానం హైజాక్ అయి కాందహారుకు చేరింది. తరువాత 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి విమానాశ్రయాల భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగిస్తూ వచ్చారు. ఒక ప్రయాణికునికి ఒకటే చేతి సంచి అనే నియమం కూడా 2000 నాటి ఉత్తర్వులలోనిదే. దీనిని 2022 జనవరిలో మరల గుర్తుచేశారు.

2001 తరువాత

2001 సెప్టెంబరు 11 నాటి హైజాకర్లు అట్టపెట్టెలు కోసే చిన్న కత్తుల వంటివి వాడారు. 4 అంగుళాలలోపు మొన ఉన్న కత్తులకు అప్పట్లో అమెరికా విమానాలలో అనుమతి ఉండేది. ఆ నవంబరు 19న అమెరికాలో కొత్త చట్టం ద్వారా రవాణా భద్రతా సంస్థ ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరు 22న పారిస్ నుండి మయామీ వెళ్తున్న విమానంలో రిచర్డ్ రీడ్ అనే వ్యక్తి బూట్లలో దాచిన పేలుడు పదార్థాన్ని అగ్గిపుల్లతో వెలిగించబోగా తోటి ప్రయాణికులు పట్టుకున్నారు. అమెరికా విమానాశ్రయాలలో బూట్లు విప్పించే పద్ధతికి ఇదే కారణం. ఈ పద్ధతిని 2025 జులైలో ఎత్తివేశారు.

2006 ఆగష్టు సంఘటన

శీతల పానీయాల సీసాలలో హైడ్రోజన్ పెరాక్సైడుతో చేసిన ద్రవ పేలుడు పదార్థాన్ని నింపి, లండన్ నుండి ఉత్తర అమెరికా వెళ్ళే విమానాలను కూల్చివేయాలన్న కుట్రను బ్రిటిష్ పోలీసులు 2006 ఆగష్టులో భగ్నం చేశారు. ఆగష్టు 10 తెల్లవారేసరికి బ్రిటన్ విమానాశ్రయాలలో చేతి సామాను దాదాపు పూర్తిగా నిషేధింపబడింది. పాస్‌పోర్టు, డబ్బు, అత్యవసర మందుల వంటివి మాత్రమే, అవి కూడా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. పసిపిల్లల పాలను తల్లి రుచి చూసి చూపవలసి వచ్చింది.

కొన్ని వారాలకు ఈ నిషేధం సడలి, ఇప్పుడు అందరికీ తెలిసిన 100 మిల్లీలీటర్ల నియమంగా స్థిరపడింది. అమెరికాలో ఇది 2006 సెప్టెంబరు 26న, ఐరోపా సమాఖ్యలో అదే సంవత్సరం నవంబరు 6న అమలులోనికి వచ్చింది.

ద్రవ పదార్థాలను విమానంలో పేల్చే ప్రయత్నం అంతకు ముందే జరిగింది. 1994 డిసెంబరు 11న ఫిలిప్పైన్ ఎయిర్‌లైన్స్ విమానంలో రమ్జీ యూసఫ్ కాంటాక్టు లెన్సుల ద్రావకపు సీసాలో దాచి తెచ్చిన నైట్రోగ్లిజరిన్ పేలి జపాను దేశీయుడైన ఒక ప్రయాణికుడు మరణించాడు. నియమం రావడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది.

ద్రవ పదార్థాల నియమం

అంతర్జాతీయ ప్రయాణాలలో సాధారణంగా పాటించే నియమం ఇది.

* ద్రవం ఉన్న ప్రతి సీసా, డబ్బా లేక ట్యూబు సామర్థ్యం 100 మిల్లీలీటర్లకు మించరాదు.
* అవన్నీ ఒక లీటరు పట్టే, మూత వేయగల పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఇమడాలి.
* ఒక ప్రయాణికునికి ఒకటే సంచి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. లెక్కలోనికి వచ్చేది సీసా సామర్థ్యమే గాని లోపలి ద్రవం కాదు. 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున రెండు చెంచాల నూనె మాత్రమే మిగిలి ఉన్నప్పటికీ దానిని ఆపివేస్తారు.

ద్రవం అనే మాటకు భద్రతా నియమాలలో ఉన్న అర్థం బడిలో చెప్పే అర్థం కంటె విశాలమైనది. పోయడానికి, పూయడానికి, పిండడానికి, చిమ్మడానికి వీలైనదంతా ద్రవమే. కాబట్టి నీరు, నూనె, అత్తరులతో పాటు టూత్‌పేస్టు, తలకు రాసుకునే జెల్, పెరుగు, తేనె, జామ్, నెయ్యి కూడా ఈ కోవలోనికి వస్తాయి. గడ్డకట్టిన నెయ్యి ఘనపదార్థమని వాదించి ప్రయోజనం లేదు.

తెలుగువారి ప్రయాణాలలో తరచుగా చిక్కు తెచ్చేవి ఆవకాయ, మాగాయ, గోంగూర వంటి ఊరగాయలు. నూనెలో ఊరిన పచ్చడి ముద్ద నియమం ప్రకారం ద్రవాల కోవలోనిదే. ఇటువంటి చిక్కని ముద్దలు ఎక్స్-రే తెరపై కొన్ని పేలుడు పదార్థాలను పోలి కనిపిస్తాయి కూడా. కారపు పచ్చళ్ళను భారతీయ విమానాశ్రయాలలో దేశీయ ప్రయాణికుల చేతి సామానులో సైతం సాధారణంగా అనుమతించరు. వీటిని చెక్-ఇన్ పెట్టెలో, నూనె కారకుండా గట్టిగా కట్టి పంపడమే మార్గం. దేశీయ ప్రయాణాలలో త్రాగునీటి సీసా విషయంలో మాత్రం సాధారణంగా ఇంత పట్టింపు ఉండదు.

మినహాయింపులు

ప్రయాణకాలానికి అవసరమైన మందులు, ఇన్సులిన్, పసిపిల్లల పాలు, ఆహారం 100 మిల్లీలీటర్లకు మించినప్పటికీ అనుమతిస్తారు. వాటిని సంచిలోనుండి తీసి, ముందుగా అధికారికి చెప్పి చూపాలి. మందుల చీటీపై ఉన్న పేరు, ప్రయాణికుని పేరు ఒకటిగా ఉండడం మంచిది. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టరాదు. పెట్టె తప్పిపోయినా, ఆలస్యమైనా మందు అందదు, పైగా క్రింది గదిలోని చలికి అది గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం కూడా ఉన్నది.

100 మిల్లీలీటర్లే ఎందుకు?

పాతతరం ఎక్స్-రే యంత్రం సీసాలో ఉన్నది నీరో, పెరాక్సైడో నమ్మకంగా చెప్పలేదు. రెండూ ఒకే విధమైన నీడగా కనిపిస్తాయి. కనుక ద్రవాన్ని గుర్తించడానికి బదులు దాని పరిమాణాన్ని తగ్గించే మార్గాన్ని ఎంచుకున్నారు. చిన్న సీసాలోని పదార్థం విమానానికి చేయగల హాని తక్కువ. ఒక లీటరు సంచి నియమం వలన ఒక వ్యక్తి తేగల మొత్తం కూడా పరిమితమవుతుంది.

పొడులు

2017 జులైలో సిడ్నీ నుండి బయలుదేరే విమానంపై జరిగిన కుట్ర బయటపడింది. 2018 జూన్ 30 నుండి ఆస్ట్రేలియాలో అంతర్జాతీయ ప్రయాణాలకు, ఇతర దేశాల నుండి అమెరికాకు వెళ్ళే విమానాలకు పొడుల నియమం వచ్చింది. అమెరికాకు వెళ్ళేవారి చేతి సామానులో 350 మిల్లీలీటర్ల ఘనపరిమాణం, అనగా సుమారు ఒక శీతల పానీయపు డబ్బా అంతకు మించిన పొడులను ప్రత్యేకంగా పరీక్షిస్తారు. సందేహం తీరకపోతే అనుమతించరు. పసిపిల్లల పాలపొడికి, వైద్యపరమైన పొడులకు మినహాయింపు కలదు.

కందిపొడి, కరివేపాకు పొడి, సున్నిపిండి, పసుపు వంటివి ఈ నియమం క్రిందికి వస్తాయి. కారం విషయంలో మరొక కారణం కూడా ఉన్నది. కంటిలో చల్లి మనిషిని నిస్సహాయుని చేయగల పదార్థం గనుక కారాన్ని భారతీయ విమానాశ్రయాలలో చేతి సామానులో తీసుకొనిపోనివ్వరు.

పదునైన వస్తువులు

కత్తులు, బ్లేడ్లు, కత్తెరలు, స్క్రూడ్రైవర్ల వంటి పనిముట్లు చెక్-ఇన్ పెట్టెలో ఉండవలసినవి. కొలతల విషయంలో దేశానికొక పద్ధతి ఉన్నది. అమెరికాలో 2005 డిసెంబరు నుండి 4 అంగుళాలలోపు మొన గల కత్తెరను అనుమతిస్తున్నారు. చిన్న కత్తులను కూడా అనుమతిస్తామని 2013 మార్చిలో ప్రకటించి, విమాన సిబ్బంది వ్యతిరేకతతో అదే సంవత్సరం జూన్‌లో విరమించుకున్నారు.

భారతదేశంలో సిక్కు ప్రయాణికులు దేశీయ విమానాలలో కృపాణాన్ని ధరించవచ్చును. 2022 ఉత్తర్వుల ప్రకారం దాని మొన 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలకు మించరాదు. అంతర్జాతీయ ప్రయాణాలకు ఈ మినహాయింపు వర్తించదు.

కొబ్బరి, కర్పూరం, ఇరుముడి

తీర్థయాత్రలకు వెళ్ళేవారికి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది కొబ్బరితో వస్తుంది. ఎండుకొబ్బరిలో నూనె అధికం. కొన్ని పరిస్థితులలో అది తనంతట తాను వేడెక్కి మండగలదు కాబట్టి ప్రమాదకర వస్తువుల అంతర్జాతీయ జాబితాలో దానికి చోటు ఉన్నది. అందువలన భారతీయ విమానాశ్రయాలలో ఎండుకొబ్బరిని చేతి సామానులోను, పెద్ద పెట్టెలోను కూడా అనుమతించరు. సులభంగా మండే ఘనపదార్థం గనుక కర్పూరం కూడా నిషిద్ధమే. అగ్గిపెట్టెలు, లైటర్లు, బాణసంచా, కిరోసిన్ కూడా ఈ రెండు చోట్లా పనికిరావు.

శబరిమల యాత్రికుల విషయంలో ఈ నియమం ఒక ధర్మసంకటాన్ని తెచ్చిపెట్టింది. అయ్యప్ప దీక్ష తీసుకున్నవారు నీరు తీసివేసి ఆవునెయ్యి నింపిన కొబ్బరికాయను ఇరుముడిలో పెట్టుకొని, దానిని తలపై మోస్తూ కొండ ఎక్కుతారు. ఇరుముడిని తమ నుండి దూరం చేసుకోవడం భక్తులకు సమ్మతం కాదు. కాని కొబ్బరికాయను చేతి సామానులో అనుమతించకపోవడంతో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి కొచ్చికి విమానంలో వెళ్ళేవారు ఇరుముడిని పెట్టెలతో పాటు అప్పగించవలసి వచ్చేది. 2022 నవంబరులో భద్రతా బ్యూరో 2023 జనవరి 20 వరకు, అనగా మండల, మకరవిళక్కు కాలానికి, ఇరుముడిలోని కొబ్బరికాయను చేతి సామానులో అనుమతించింది. 2024లో కూడా 2025 జనవరి 20 వరకు ఇటువంటి అనుమతి ఇచ్చారు. ఎక్స్-రే, పేలుడు పదార్థాల జాడ పరీక్ష, చేతితో తనిఖీ జరిగిన తరువాతనే దీనిని లోపలికి పంపుతారు. ఈ అనుమతులు నిర్ణీత కాలానికి ఇచ్చినవి గనుక యాత్రికులు ఆ సంవత్సరపు ఉత్తర్వును తెలుసుకొని బయలుదేరాలి.

బ్యాటరీలు, పవర్ బ్యాంకులు

పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెట్టరాదు. లిథియం బ్యాటరీ లోపల షార్టు సర్క్యూట్ జరిగితే వేడి తనంతట తాను పెరుగుతూ పోయి నిప్పు పుడుతుంది. క్యాబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే గమనించి నీటితో చల్లార్చగలరు.

అనుమతికి కొలత వాట్-అవర్. 100 వాట్-అవర్ల వరకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికులు తీసుకొనిపోరాదు. పవర్ బ్యాంకుపై మిల్లీ ఆంపియర్ అవర్లు మాత్రమే ముద్రించి ఉంటే వాట్-అవర్లను ఈ విధంగా లెక్కించవచ్చును.

వాట్-అవర్ = మిల్లీ ఆంపియర్ అవర్ × వోల్టు ÷ 1000

ఉదాహరణకు 3.7 వోల్టుల బ్యాటరీ గల 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ పవర్ బ్యాంకు 20,000 × 3.7 ÷ 1000 = 74 వాట్-అవర్లు. ఇది పరిమితికి లోబడినదే. 30,000 అయితే 111 వాట్-అవర్లు అవుతుంది, అనుమతి కోరాలి. అంకెలు చెరిగిపోయి సామర్థ్యం తెలియని పవర్ బ్యాంకును ఆపివేసే అవకాశం ఉన్నది.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్ వద్ద ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరబోయే ముందు మంటలలో చిక్కుకున్నది. లోపలివారందరూ బయటపడ్డారు. పవర్ బ్యాంకు వలన మంటలు పుట్టి ఉండవచ్చునని దర్యాప్తు అధికారులు భావించారు. అదే సంవత్సరం మార్చి 1 నుండి ఆ దేశంలో పవర్ బ్యాంకులను తలపై అరలో పెట్టకుండా ప్రయాణికులు తమ వద్దనే ఉంచుకోవాలని నియమం పెట్టారు. పలు విమాన సంస్థలు ప్రయాణంలో వాటి వాడకాన్ని నిషేధించాయి.

దీనికి విరుద్ధమైన ఉత్తర్వు కూడా ఒకసారి వచ్చింది. 2017 మార్చిలో అమెరికా ప్రభుత్వం దుబాయి, అబుదాబి, దోహా సహా 10 విమానాశ్రయాల నుండి తమ దేశానికి వచ్చే విమానాలలో ల్యాప్‌టాప్‌లను క్యాబిన్‌లోనికి తేరాదని ఆదేశించింది. వాటిని పెద్ద పెట్టెలలో పెట్టడం వలన అగ్ని ప్రమాదం పెరుగుతుందని విమర్శలు వచ్చాయి. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్ళే భారతీయ ఉద్యోగులు, విద్యార్థులు దీనివలన ఇబ్బంది పడ్డారు. జులై నాటికి ఈ నిషేధం తొలగింది.

తనిఖీ జరిగే విధానం

చేతి సంచి ఎక్స్-రే యంత్రం గుండా వెళ్ళినప్పుడు వస్తువులు వాటి స్వభావాన్ని బట్టి రంగులలో కనిపిస్తాయి. సాధారణంగా ఆహారం, కాగితం, బట్ట, ప్లాస్టిక్ వంటి సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలిరంగులో, మధ్యస్థమైనవి ఆకుపచ్చగా ఉంటాయి. చాలా పేలుడు పదార్థాలు కూడా సేంద్రియాలే. అందువలన నారింజ రంగులో దట్టంగా కనిపించే మిఠాయి ముద్ద సైతం సిబ్బందికి సందేహం కలిగిస్తుంది. ల్యాప్‌టాప్‌ను విడిగా తీసి పెట్టమనడానికి కారణం, అందులోని దట్టమైన భాగాలు క్రింది వస్తువులను మరుగుపరచడమే.

కొన్ని సంచులను చిన్న గుడ్డ ముక్కతో తుడిచి యంత్రంలో పెడతారు. ఇది పేలుడు పదార్థాల జాడను కనిపెట్టే పరీక్ష, నేరారోపణ కాదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు లోహ పరీక్షకు ముందే ఆ విషయం చెప్పి వైద్యుని పత్రం చూపాలి. భారతదేశంలో స్త్రీలను స్త్రీ సిబ్బందియే తెర చాటున తనిఖీ చేస్తారు.

తనిఖీ అయిన చేతి సంచికి కట్టిన చీటీపై ముద్ర వేసే పద్ధతి దేశంలో చాలాకాలం ఉండేది. 2017 ఏప్రిల్ 1న హైదరాబాదుతో సహా ఏడు విమానాశ్రయాలలో దీనిని తొలగించారు.

మార్గమధ్యంలో విమానం మారినప్పుడు

హైదరాబాదులో తనిఖీ పూర్తయిన తరువాత కొన్న నీటి సీసా దుబాయిలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మరల తనిఖీకి వస్తే అక్కడ ఆపివేస్తారు. సుంకం లేని దుకాణాలలో కొన్న ద్రవాలకు దుకాణదారు ప్రత్యేకమైన సంచిలో ముద్రవేసి, రశీదు పైకి కనిపించేటట్లు పెట్టి ఇస్తాడు. గమ్యం చేరేవరకు దీనిని విప్పరాదు. విప్పినట్లయితే మినహాయింపు పోతుంది.

అమెరికాలో తొలిగా దిగిన విమానాశ్రయంలో సాధారణంగా పెద్ద పెట్టెలను తీసుకొని, కస్టమ్స్ దాటిన తరువాత మరల అప్పగించాలి. తదుపరి విమానానికి తిరిగి భద్రతా తనిఖీ ఉంటుంది. చేతిలో ఉన్న పెద్ద సీసాలను ఈ సమయంలోనే పెట్టెలోనికి మార్చుకోవడం మేలు.

ప్రయాణికులు తీసుకోదగిన జాగ్రత్తలు

జాబితాలు మారుతూ ఉంటాయి. ప్రతి వస్తువును గూర్చి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు సమాధానం దొరుకుతుంది.

* దీనితో మనిషిని గాయపరచవచ్చునా? అయితే పెద్ద పెట్టెలో పెట్టాలి.
* ఇది పోయగలిగినదా, పూయగలిగినదా, పొడియా? అయితే పరిమాణం చూసుకోవాలి. మించితే పెద్ద పెట్టెలో పెట్టాలి.
* ఇది సులభంగా మండుతుందా? అయితే ఇంటివద్దనే వదలాలి. బ్యాటరీ అయితే చేతి సంచిలో ఉంచాలి.

సర్దుకోవడంలో మరికొన్ని విషయాలు ఉపయోగపడతాయి.

* క్రితం ప్రయాణంలో వాడిన సంచిని పూర్తిగా ఖాళీ చేసి సర్దడం మొదలుపెట్టాలి. పట్టుబడేది చాలాసార్లు మరచిపోయిన పండ్లు కోసే కత్తియే.
* మందులు, పాస్‌పోర్టు, నగలు, పవర్ బ్యాంకు ఒక చిన్న సంచిలో వేరుగా ఉంచుకోవాలి. అరలు నిండిపోయినప్పుడు ద్వారం వద్ద చేతి పెట్టెను తీసుకొని క్రింది గదిలోనికి పంపుతారు. అప్పుడు ఈ చిన్న సంచిని వెంటనే పైకి తీసుకోగలగాలి.
* ఇతరులు ఇచ్చిన కట్టిన పొట్లాలను, లోపల ఏమున్నదో చూడకుండా తీసుకొనిపోరాదు. సంచిలో ఉన్న ప్రతి వస్తువుకు ప్రయాణికుడే బాధ్యుడు.
* విదేశాలలోని పిల్లల వద్దకు ఒంటరిగా వెళ్ళే పెద్దలకు సంచి సర్దిపెట్టడంతో సరిపోదు. ఏది ఎక్కడ ఉన్నదో వారికి చూపాలి. మందుల పేర్లు ఆంగ్లంలో వ్రాసిన కాగితం ఇవ్వాలి. తనిఖీ అధికారి అడిగినప్పుడు చూపవలసినది వారే.

వస్తువును ఆపివేసినప్పుడు

తనిఖీలో ఆగిన వస్తువు విషయంలో ప్రయాణికునికి సాధారణంగా మూడు దారులు ఉంటాయి. సమయం ఉంటే వెనుకకు వెళ్ళి పెద్ద పెట్టెగా అప్పగించడం, సాగనంపడానికి వచ్చినవారికి ఇచ్చివేయడం, లేదా అక్కడే వదలిపోవడం. మొదటి రెండు దారులూ సమయంపై ఆధారపడి ఉన్నాయి. విమానం బయలుదేరబోతూ ఉండగా వచ్చినవానికి మూడవది మాత్రమే మిగులుతుంది. కావున విలువైన వస్తువుపై సందేహం ఉన్నవారు ముందుగా రావాలి, సాగనంపేవారు తనిఖీ పూర్తయ్యేవరకు బయట వేచి ఉండాలి. నియమాలు ఎలా ఉన్నప్పటికీ తుది నిర్ణయం తనిఖీ స్థానంలోని అధికారిదే. బాంబు, హైజాక్ వంటి మాటలు హాస్యానికైనా అనరాదు. ప్రయాణం ఆగిపోవడమే గాక కేసు కూడా నమోదు కావచ్చును.

కస్టమ్స్ నిబంధనలతో తేడా

భద్రతా తనిఖీని దాటిన వస్తువును గమ్యస్థానంలో కస్టమ్స్ వారు ఆపవచ్చును. మొదటిది విమాన క్షేమానికి సంబంధించినది, రెండవది ఆ దేశపు పంటల, పశువుల ఆరోగ్యానికి, పన్నులకు సంబంధించినది. ఉదాహరణకు కరివేపాకు వలన విమానానికి ఏ ప్రమాదమూ లేదు. కాని నిమ్మజాతి తోటలకు తెగులు తెచ్చే పురుగులను మోసుకురాగలదనే కారణంతో అమెరికాలో ప్రయాణికులు దానిని తేవడానికి అనుమతి లేదు. ఆహార పదార్థాలను కస్టమ్స్ పత్రంలో దాచకుండా తెలిపినవారు వస్తువును మాత్రమే పోగొట్టుకుంటారు. దాచినవారు జరిమానా కూడా చెల్లించవలసి రావచ్చును.

విమర్శలు

ఈ నియమాలు జరిగిపోయిన దాడిని అడ్డుకునేవే గాని రాబోయేదానిని కావని విమర్శ ఉన్నది. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ ఇటువంటి చర్యలలో చాలావాటిని భద్రతా నాటకంగా వర్ణించాడు. పైలట్ల గది తలుపును దృఢపరచడం, హైజాకర్లను ఎదిరించాలని ప్రయాణికులు గ్రహించడం, ఈ రెండే 2001 తరువాత నిజంగా ఉపకరించిన మార్పులని ఆయన వాదన. అమెరికాలో రహస్యంగా జరిపిన పరీక్షలలో 70 ప్రయత్నాలకు గాను 67 సార్లు నిషిద్ధ వస్తువులు తనిఖీని దాటిపోయాయని 2015లో వార్తలు వెలువడినాయి.

నియమాలను సమర్థించేవారు, తనిఖీ ఉన్నదన్న భయమే చాలామంది దుండగులను వెనుకకు మరల్చుతుందని, 2006 తరువాత పానీయపు సీసాలతో విమానాన్ని కూల్చే కుట్ర ఫలించలేదని అంటారు. నియమాలలో ఏకరూపత లేకపోవడం గూర్చి మాత్రం ఇరుపక్షాలకూ ఒకే అభిప్రాయం ఉన్నది. ఒక విమానాశ్రయంలో అనుమతించిన వస్తువును మరొకచోట తీసివేయడం వలన భాష రానివారు, వృద్ధులు ఎక్కువగా నష్టపోతున్నారు.

ఇటీవలి మార్పులు

వైద్యశాలలలోని సీటీ స్కాను వంటి పరిజ్ఞానంతో పనిచేసే కొత్త యంత్రాలు సంచిని అన్ని వైపుల నుండి చూపి, ద్రవపు సాంద్రతను కూడా అంచనా వేస్తాయి. వీటిని అమర్చినచోట్ల 100 మిల్లీలీటర్ల నియమం క్రమంగా సడలుతున్నది. బ్రిటన్‌లోని ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్ విమానాశ్రయాలలో 2025లో రెండు లీటర్ల వరకు అనుమతించడం మొదలుపెట్టారు. అయితే ఐరోపా సమాఖ్యలో ఇటువంటి సడలింపును 2024 సెప్టెంబరు 1న తాత్కాలికంగా వెనుకకు తీసుకోవలసి వచ్చింది. 2025లో కొన్ని యంత్రాలకు తిరిగి ఆమోదం లభించింది.

అందువలన వెళ్ళేటప్పుడు చెల్లిన సీసా వచ్చేటప్పుడు చెల్లకపోవచ్చును. బయలుదేరే విమానాశ్రయం, మధ్యలో మారే విమానాశ్రయం, తిరుగు ప్రయాణపు విమానాశ్రయం, ఈ మూడింటిలో ఎక్కడ నియమం కఠినంగా ఉన్నదో దానినే ప్రమాణంగా తీసుకొని సర్దుకోవడం క్షేమం.

ఇవి కూడా చూడండి

* పౌర విమానయాన భద్రతా బ్యూరో
* కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* కనిష్క విమాన దుర్ఘటన
* శబరిమల